ఆకాశంలో ఒక ఇంజిన్ ఆగితే: మామునూరు రన్‌వే నుంచి దుబాయి దారి దాకా

జగిత్యాల దగ్గర మా చిన్నమ్మ వాళ్ల ఊళ్లో గల్ఫ్‌కు పోయిన మనిషి లేని ఇల్లు వెతికితే గానీ దొరకదు. చిన్నమ్మ కొడుకు కూడా దుబాయిలోనే ఏసీ మెకానిక్. రెండేళ్లకోసారి వస్తాడు, నలభై రోజులు ఉండి పోతాడు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలిన కొన్ని వారాలకే అతని తిరుగు ప్రయాణం పడింది. బయల్దేరే ముందు రాత్రి వాకిట్లో సూట్‌కేసు తూకం వేస్తున్నాం. మామిడికాయ తొక్కు, సకినాలు, పసుపు, కారం అన్నీ కలిపి రెండు కిలోలు ఎక్కువొచ్చింది. ఏది తీయాలా అని వాళ్లు చూస్తుంటే చిన్నమ్మ నన్ను పక్కకు పిలిచింది.

“ఇంజన్ బందైతే విమానం రాయి లెక్క కింద పడుతదా బిడ్డా? నిజం చెప్పు.”

“పడదు చిన్నమ్మా. ఒకటి బందైనా ఇంకోటి ఉంటది” అన్నాను.

ఆమె ఊరుకోలేదు. “ఇద్దరు మోసే బరువు ఒక్కడే మోస్తే ఎంతసేపు మోస్తడు?” అంది.

నేను హన్మకొండలో ఇంజినీరింగ్ పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ని. విమానాల గురించి ఏళ్ల తరబడి చదువుతున్నాను. అయినా ఆ రాత్రి ఆమెకు అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. అహ్మదాబాద్ తర్వాత ఇదే భయం మన దగ్గర చాలా ఇళ్లలో ఉంది. అందుకే చిన్నమ్మ ప్రశ్నకు చెప్పాల్సిన జవాబును ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

బరువు మోసేది ఇంజిన్ కాదు

ఎడ్లబండిని తలుచుకుంటే సగం విషయం తేలిపోతుంది. బండి మీద ఇరవై బస్తాల వడ్లు ఉంటే ఆ బరువును మోసేవి చక్రాలు. ఎడ్లు లాగుతాయి, అంతే. విమానంలో చక్రాల పని రెక్కలది. ఇంజిన్ విమానాన్ని ముందుకు తోస్తుంది. అలా ముందుకు పోతున్నప్పుడు రెక్కల మీదుగా, కిందుగా పారే గాలి విమానాన్ని పైకి ఎత్తి పట్టుకుంటుంది.

లెక్కలో చూద్దాం. మనవాళ్లు ఎక్కువగా ఎక్కే ఎయిర్‌బస్ ఏ320 రకం విమానం బరువు, ప్రయాణం మధ్యలో 65 టన్నులు ఉందనుకుందాం. అది గాలిలో ఎత్తు తగ్గకుండా నిలకడగా సాగడానికి కావలసిన తోపుడు సుమారు 4 టన్నులు. కొత్త ఏ320ల మీద ఉండే లీప్ ఇంజిన్ ఒక్కటే, నేల దగ్గర, పూర్తి శక్తితో తిప్పితే 12 టన్నుల దాకా తోస్తుంది. అంటే ఒక్క ఇంజిన్‌తో ఎగరడానికి సరిపోయే బలం ముందే చేతిలో ఉంది. పైగా చాలా టేకాఫ్‌లలో పైలట్లు ఇంజిన్ల పూర్తి శక్తి వాడరు. రన్‌వే పొడవుగా ఉండి, బరువు తక్కువగా ఉంటే, శక్తి తగ్గించి లేస్తారు. ఇంజిన్ అరుగుదల తగ్గుతుంది.

ఎంతసేపు మోస్తుందన్న ప్రశ్నకూ కచ్చితమైన జవాబు ఉంది. టేకాఫ్‌కు వాడే గరిష్ఠ శక్తిని మామూలుగా 5 నిమిషాలకు మించి వాడరు. ఒక ఇంజిన్ పోయినప్పుడు చాలా విమానాల్లో దాన్ని 10 నిమిషాల దాకా వాడుకోవచ్చు. ఆ తర్వాత కొంచెం తగ్గించి, గరిష్ఠ నిరంతర శక్తి అనే స్థాయికి తెస్తారు. దానికి కాలపరిమితి లేదు. ఇంధనం ఉన్నంతసేపూ ఇంజిన్ ఆ స్థాయిలో తిరగగలదు.

ఇంజిన్ ఆగితే వచ్చే అసలు ఇబ్బంది వేరే ఉంది. రెండెడ్ల బండిలో ఒక ఎద్దు నిలబడిపోతే బండి ఏమవుతుంది? నిలబడిన ఎద్దు వైపుకు తిరుగుతుంది. విమానం కూడా అంతే. ఎడమ ఇంజిన్ ఆగితే కుడి ఇంజిన్ తోపుడుకు ముక్కు ఎడమకు తిరుగుతుంది, వెంటనే ఆ వైపు రెక్క కిందికి వాలడం మొదలవుతుంది. దాన్ని ఆపడానికి పైలట్ కుడి కాలితో పెడల్ తొక్కుతాడు. తోక మీద నిలువుగా ఉన్న పలక, రడ్డర్, ముక్కును మళ్లీ దారిలోకి తెస్తుంది. పైలట్లకు శిక్షణలో నేర్పే ఒక గుర్తు ఉంది: ఏ కాలికి పని లేదో, ఆ వైపు ఇంజిన్ చచ్చిపోయినట్టు.

ఇంజిన్ తోయడంతో పాటు విమానానికి కరెంటు ఇస్తుంది. రెక్కల మీది పలకలను కదిలించే హైడ్రాలిక్ పంపును నడుపుతుంది. క్యాబిన్‌లో మనం పీల్చే గాలిని అందిస్తుంది. ఒకటి ఆగితే ఇవన్నీ రెండోదాని మీద పడతాయి. తోకలో ఏపీయూ అనే చిన్న ఇంజిన్ ఉంటుంది, అది కూడా చేయి వేస్తుంది. చిన్నమ్మ అన్న బరువు ఏమైనా ఉందంటే, అది ఇక్కడ.

వీ1: చెయ్యి తీసేసే క్షణం

ఇంజిన్ ఆగడానికి అన్నిటికన్నా చెడ్డ సమయం టేకాఫ్. ఎత్తు లేదు, వేగం తక్కువ, బరువు ఎక్కువ. అందుకే విమానయానంలో ఇంత లెక్క ఇంకెక్కడా వేయరు.

ప్రతి ప్రయాణానికీ ముందు పైలట్లు ఒక వేగాన్ని లెక్కగట్టి పెట్టుకుంటారు. దాని పేరు వీ1. విమానం బరువు, రన్‌వే పొడవు, గాలి, ఎండ, నేల తడిగా ఉందా లేదా అన్నవి చూసి తేల్చే సంఖ్య అది. ఏ320కి తరచుగా గంటకు 240 నుంచి 280 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. ఆ వేగానికి ముందు ఇంజిన్ పోతే బ్రేకులు వేసి ఆపేస్తారు, మిగిలిన రన్‌వే సరిపోతుంది. ఆ వేగం దాటాక పోతే ఆపరు. ఒక ఇంజిన్‌తోనే లేస్తారు. ఎందుకంటే అప్పుడు ఆపబోతే రన్‌వే అయిపోయి పొలాల్లోకి పోతుంది.

టేకాఫ్ పరుగులో కెప్టెన్ చెయ్యి ఇంజిన్ లివర్ల మీదే ఉంటుంది, ఆపాల్సి వస్తే వెంటనే వెనక్కి లాగడానికి. “వీ1” అన్న పిలుపు వినగానే ఆ చెయ్యి తీసేస్తారు. చెయ్యి అక్కడ ఉంటే లాగబుద్ధి పుడుతుంది, అందుకని. ఈ అలవాటు నాకు చాలా నచ్చుతుంది. గంటకు 260 కిలోమీటర్ల వేగంలో, పెద్ద చప్పుడుతో ఇంజిన్ పేలినప్పుడు, ఆపాలా లేవాలా అని ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. ఆ నిర్ణయం గేటు దగ్గర నిలబడి ఉన్నప్పుడే, ప్రశాంతంగా, కాగితం మీద జరిగిపోయింది.

ఇక్కడ వరంగల్ పక్కన ఉన్న మన మామునూరు సంగతి చెప్పాలి. నిజాం కాలంలో కట్టిన ఎయిర్‌స్ట్రిప్ అది. దశాబ్దాలుగా ప్రయాణికుల విమానం దిగలేదు. షంషాబాద్ విమానాశ్రయం కట్టినప్పుడు, 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పందం ఉండటంతో మామునూరును మళ్లీ తెరవడం చాలాకాలం ఆగింది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇచ్చింది. ఆ తర్వాత 250 ఎకరాలకు పైగా అదనపు భూమి సేకరించే విషయం నడిచింది, చుట్టుపక్కల ఊళ్ల రైతులు సరైన ధర కోసం అడుగుతూ వచ్చారు. అది వాళ్ల హక్కు, ఇవ్వాల్సిందే. కానీ “ఉన్న రన్‌వే చాలదా, విమానం లేవడానికి ఇంత పొడవెందుకు?” అని వరంగల్‌లో చాలామంది అడగడం విన్నాను. దానికి జవాబు వీ1లో ఉంది.

రెండు ఇంజిన్లూ బాగా ఉంటే విమానం చాలా తక్కువ దూరంలో లేస్తుంది. రన్‌వేను ఆ ఒక్క రోజు కోసం కట్టరు. వీ1 దాకా వేగం అందుకుని, సరిగ్గా అక్కడ ఇంజిన్ పోతే, పూర్తిగా ఆగేంత జాగా ఉండాలి. అలాగే అక్కడే ఇంజిన్ పోయినా, ఒక్క ఇంజిన్‌తో పరుగు కొనసాగించి, చివర దాటేలోపు 35 అడుగుల ఎత్తుకు చేరేంత జాగా కూడా ఉండాలి. 35 అడుగులంటే మూడంతస్తుల ఇల్లంత. ఈ లెక్కల్లో ఏది ఎక్కువ దూరం అడిగితే అదే ఆ రోజుకు కావలసిన పొడవు. ఆ పొడవు లేకపోతే బరువు తగ్గించాలి, అంటే మనుషులనో సామాన్లనో దించాలి. మామునూరులో పెంచే ప్రతి మీటరూ ఇంజిన్ పోయిన రోజు కోసం దాచిపెట్టే జాగా అని నేను పిల్లలకు చెబుతాను.

ఎండ సంగతి కూడా ఇందులోనే వస్తుంది. మే నెలలో రామగుండం, కొత్తగూడెం వైపు 45 డిగ్రీలు కొడుతుందని మనకు తెలుసు. వేడి గాలి పలుచగా ఉంటుంది. రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్‌కు బలం తగ్గుతుంది. రెండు ఇంజిన్లుంటే ఆ తేడా ప్రయాణికుడికి తెలియదు. ఒక్కటే మిగిలితే మాత్రం విమానం ఎక్కే వాలు బాగా పడిపోతుంది. నియమం ప్రకారం రెండు ఇంజిన్ల విమానం, ఒకటి ఆగి, చక్రాలు లోపలికి పోయిన తర్వాత, కనీసం 2.4 శాతం వాలుతో ఎక్కగలగాలి. వంద మీటర్లు ముందుకు పోతే 2.4 మీటర్లు పైకి. మన ఊళ్లలో ఫ్లైఓవర్ ఎక్కే వాలు కూడా మామూలుగా ఇంతకన్నా ఎక్కువే. అంత సన్నని వాలులో దారికి అడ్డంగా గుట్టో, సెల్ టవరో, బహుళ అంతస్తుల భవనమో ఉంటే దాన్ని దాటగలగాలి. అందుకే విమానాశ్రయం చుట్టూ ఇళ్ల ఎత్తు మీద ఆంక్షలు పెడతారు. గుట్టలున్న చోట్ల, ఇంజిన్ పోయిన విమానం ఏ వైపు తిరగాలో వేరే దారి ముందే గీసి ఉంచుతారు.

మా తమ్ముడి సూట్‌కేసులో ఆ రెండు కిలోలు ఒక్కటే విమానాన్ని ముంచవు. కానీ 180 మంది, ఒక్కొక్కరివి రెండు కిలోలు. తూకం దగ్గర కౌంటర్‌లో అమ్మాయి గట్టిగా మాట్లాడినప్పుడు నాకు ఈ 2.4 శాతం గుర్తొస్తుంది.

తొందరపడిన చెయ్యి

లేచారు. ఒక ఇంజిన్ లేదు. గంటలు మోగుతున్నాయి, ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి. ఇప్పుడు పైలట్లు ఏం చేస్తారు?

నేల నుంచి కనీసం 400 అడుగులు దాటేదాకా, ఇంజిన్ విషయంలో ఏమీ చేయరు. ముక్కు దారి తప్పకుండా పట్టుకోవడం, చక్రాలు లోపలికి తీయడం, వేగం చూసుకోవడం, అంతే. మంట ఉన్నా అంతే. మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. మంటలొస్తుంటే చూస్తూ కూర్చుంటారా అనిపించింది. కానీ ఇంజిన్‌ను రెక్కకు దూరంగా, మంటను కొంతసేపు తట్టుకునే గోడలతో కడతారు. ఆ అర నిమిషంలో మంట చేసే నష్టం కన్నా, కంగారులో పైలట్ చేసే తప్పు చేసే నష్టం చాలా పెద్దది. ఈ మాట రెండు ప్రమాదాలు నెత్తురుతో నేర్పాయి.

1989 జనవరి 8న బ్రిటిష్ మిడ్‌లాండ్ సంస్థ బోయింగ్ 737-400 ఒకటి లండన్ నుంచి బెల్‌ఫాస్ట్ పోతోంది. ఎడమ ఇంజిన్ ముందున్న ఫ్యాన్ బ్లేడు ఒకటి విరిగింది. విమానం ఊగిపోయింది, కాక్‌పిట్‌లోకి పొగ వాసన వచ్చింది. పైలట్లు కుడి ఇంజిన్‌కే ఏదో అయిందని అనుకున్నారు. కెప్టెన్‌కు తెలిసిన పాత రకాల్లో ఏసీ గాలి ఎక్కువగా కుడి ఇంజిన్ నుంచి వచ్చేది, కాబట్టి పొగ కూడా అటు నుంచే అనుకోవడం సహజమే. కుడి ఇంజిన్ శక్తి తగ్గించారు. చిత్రంగా ఊగడం తగ్గింది, పొగ తగ్గింది. ఆ సమయంలోనే ఇంజిన్ శక్తిని దానంతటదే సర్దే ఆటోమేటిక్ వ్యవస్థను తీసేయడంతో ఎడమ ఇంజిన్‌కు పోయే ఇంధనం కూడా తగ్గింది, అసలు కారణం అది. సరైన పనే చేశామన్న నమ్మకం కుదిరింది. బాగున్న ఇంజిన్‌ను ఆపేశారు. మధ్యలో ఒకసారి, ఏం జరిగిందో మళ్లీ చూసుకుందామని కెప్టెన్ మొదలుపెట్టాడు కూడా. అంతలో రేడియోలో పిలుపు వచ్చి ఆ మాట ఆగిపోయింది. దిగేటప్పుడు దెబ్బతిన్న ఇంజిన్‌కు శక్తి పెంచగానే అది పూర్తిగా కూలబడింది. కెగ్‌వర్త్ అనే ఊరి దగ్గర, రన్‌వేకు కొంచెం ముందు, హైవే గట్టుకు విమానం గుద్దుకుంది. 126 మందిలో 47 మంది చనిపోయారు.

ఈ కథలో నన్ను ఎక్కువ కలచివేసేది ఇంకోటి. ఎడమ వైపు కూర్చున్నవాళ్లు ఎడమ ఇంజిన్ నుంచి మంటలు రావడం కళ్లారా చూశారు. కెప్టెన్ మైకులో కుడి ఇంజిన్ ఆపేశామని చెప్పాడు. కొందరికి అనుమానం వచ్చింది. ఒక్కరూ కాక్‌పిట్‌కు చెప్పి పంపలేదు. పెద్దవాళ్లు చెబుతున్నారు కదా, వాళ్లకు తెలియదా అనుకున్నారు. మన దగ్గర డాక్టరు ముందు, ఆఫీసరు ముందు మనం ఊరుకునే తీరు అదే కదా.

రెండోది 2015 ఫిబ్రవరి 4న తైపేలో జరిగింది. ట్రాన్స్ఏషియా సంస్థ ఏటీఆర్ 72 విమానం లేచిన కాసేపటికే కుడి ఇంజిన్ శక్తి పోయింది. ఏటీఆర్ అంటే ముందు పెద్ద ఫ్యాను లాంటి ప్రొపెల్లర్లు తిరిగే విమానం, షంషాబాద్ నుంచి రాజమండ్రి, తిరుపతి లాంటి ఊళ్లకు నడిచే రకం. మామునూరు తెరిస్తే మొదట వచ్చేవి కూడా ఇలాంటివే కావచ్చు. ఆగిన ప్రొపెల్లర్ గాలికి అడ్డంగా నిలబడితే విమానాన్ని వెనక్కి లాగుతుంది. అందుకని దాని రెక్కలను కత్తి అంచులా గాలికి ఎదురుగా తిప్పుతారు. ఆ రోజు ఒక చెడిన కనెక్షన్ వల్ల అది దానంతటదే తిరిగిపోయింది. అయినా ఎడమ ఇంజిన్ చక్కగా ఉంది, దానితో వెనక్కి వచ్చి దిగొచ్చు. కెప్టెన్ తొందరలో ఆ ఎడమదాని లివరే వెనక్కి లాగి, దాన్నే ఆపేశాడు. తప్పు తెలిసేసరికి ఎత్తు లేదు. విమానం నదిలో పడింది. 58 మందిలో 43 మంది పోయారు.

ఈ రెండింటిలోనూ ఒక ఇంజిన్ చివరిదాకా పనిచేయగల స్థితిలో ఉంది. ఇంజిన్ ఆగడం కన్నా, అది ఆగినప్పుడు లేచే కంగారు ఎక్కువ ప్రమాదమని నేను అనేది అందుకే.

కాబట్టి ఇప్పుడు కాక్‌పిట్‌లో పద్ధతి ఇలా ఉంటుంది. ఒకరు విమానం నడుపుతారు, వేరే పని ముట్టుకోరు. రెండోవారు తెర మీద వచ్చిన సూచనలను పైకి చదువుతారు. ఇంజిన్ లివర్, ఇంధనం ఆపే స్విచ్, మంట ఆర్పే బటన్, వీటిలో దేన్ని ముట్టుకున్నా ముందు వేలు దాని మీద పెట్టి “ఇంజిన్ వన్” అనాలి. నడిపేవారు తల తిప్పి చూసి “కన్ఫర్మ్” అన్నాకే కదిలించాలి. మంట ఉంటే బటన్ నొక్కి ఇంధనం, హైడ్రాలిక్, గాలి, కరెంటు అన్నీ ఆ ఇంజిన్‌కు కట్ చేస్తారు. తర్వాత మంట ఆర్పే సిలిండరు ఒకటి వదులుతారు. ఏ320లో 30 సెకన్లు చూసి, ఇంకా మంట ఉంటే రెండోది. ఆ 30 సెకన్లు గడియారం చూసి లెక్కపెడతారు. విమానం పట్టుకోవడం మొదటి పని, దారి చూసుకోవడం రెండోది, రేడియోలో చెప్పడం ఆ తర్వాత. మీకు మైకులో ఏ కబురూ రాకుండా ఐదు, పది నిమిషాలు గడిస్తే భయపడకండి. వాళ్లు వరుస తప్పకుండా పని చేస్తున్నారని అర్థం.

ఈ పాఠాన్ని పైలట్లు ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో మళ్లీ మళ్లీ చేసి చూపించాలి. సరిగ్గా వీ1 దగ్గర ఒక ఇంజిన్ ఆపేస్తారు, వాళ్లు విమానాన్ని లేపాలి. నిజజీవితంలో మాత్రం చాలామందికి ఇది ఒక్కసారి కూడా ఎదురుకాదు. సముద్రాల మీద, దగ్గరి విమానాశ్రయానికి 180 నిమిషాల దూరం దాకా పోయే విమానాల ఇంజిన్లు, వెయ్యి గంటలకు 0.02 సార్లకు మించి గాలిలో ఆగకూడదని నియమం. అంటే 50 వేల గంటలకు ఒకసారి. ఒక పైలట్ జీవితమంతా 20 వేల గంటలు నడిపితే, రెండు ఇంజిన్లకూ కలిపి 40 వేల గంటలు. జీవితంలో రాకపోవచ్చు. అయినా ఏటా రెండుసార్లు ప్రాక్టీసు.

సముద్రం మీద

ఎత్తులో పోతున్నప్పుడు ఒక ఇంజిన్ ఆగితే చాలా నెమ్మదిగా నడిచే వ్యవహారం అది. 35 వేల అడుగుల దగ్గర గాలి పలుచన, నేల దగ్గర 12 టన్నులు తోసే ఇంజిన్ అక్కడ అందులో చిన్న భాగమే ఇవ్వగలదు. ఒక్కదానితో అక్కడ నిలబడలేం. కాబట్టి పైలట్లు మెల్లగా దిగుతూ, గాలి చిక్కబడి ఒక్క ఇంజిన్ సరిపోయే ఎత్తుకు చేరతారు. బరువును బట్టి 20 వేల నుంచి 25 వేల అడుగుల ప్రాంతం. అక్కడి నుంచి దగ్గరలో ఉన్న, సరిపోయే విమానాశ్రయానికి పోతారు. సరిపోయే అంటే రన్‌వే పొడవు, వాతావరణం, ఫైరింజన్లు అన్నీ చూసి. కింద కనబడిన మొదటి స్ట్రిప్ మీద దిగరు.

దుబాయి దారిలో కొంత భాగం అరేబియా సముద్రం. ఇటు ముంబై, అటు మస్కట్. మధ్యలో ఉన్నా ఏదో ఒక ఒడ్డు గంట అటూ ఇటూగా అందుతుంది. అమెరికాలో చదువుకునే మన హన్మకొండ పిల్లల దారి ఇంకా కష్టమైంది. పూర్వం, 1953లో అమెరికా పెట్టిన నియమం ప్రకారం, రెండు ఇంజిన్ల విమానం ఏ క్షణంలోనైనా ఒక విమానాశ్రయానికి 60 నిమిషాల దూరంలోనే ఉండాలి. ఇంజిన్లు మెరుగుపడ్డాక 1985లో దాన్ని బోయింగ్ 767లకు 120 నిమిషాలు చేశారు. తర్వాత 180. ఇప్పుడు ఏ350కి 370 నిమిషాల దాకా అనుమతి ఉంది. అట్లాంటిక్ దాటే విమానం ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్, కెనడాలోని గాండర్ లాంటి చోట్ల వాతావరణం చూసుకుంటూనే పోతుంది.

ఆ అనుమతికి ఇంకో షరతు ఉంది, నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. ఒకే మెకానిక్ ఒకే సమయంలో రెండు ఇంజిన్లకూ ఒకే పని చేయకూడదు. 1983లో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకదానికి, మూడు ఇంజిన్లలోనూ ఆయిల్ కారకుండా పెట్టే రింగులు పెట్టడం మరిచారు. గాలిలో మూడూ ఆగాయి. అదృష్టం, ఒకటి మళ్లీ అందుకుంది, మయామీలో క్షేమంగా దిగారు. రెండు ఇంజిన్లు ఉన్నాయన్న ధైర్యం, వాటి తప్పులు కూడా వేర్వేరుగా ఉన్నప్పుడే పనికొస్తుంది.

రెండూ ఆగితే

చిన్నమ్మ అసలు అడగాలనుకున్నది ఇదే, నోరు రాలేదు.

రెండూ ఆగినా విమానం రాయిలా పడదు, జారుతుంది. ఏ320 లాంటిది 35 వేల అడుగుల నుంచి, ఎదురుగాలి లేకపోతే, సుమారు 160 కిలోమీటర్లు జారుకుంటూ పోగలదు. మామునూరు మీద, ఆ ఎత్తులో, రెండు ఇంజిన్లూ ఆగాయనుకోండి. షంషాబాద్ రన్‌వే గీత గీసినట్టు చూస్తే సుమారు 145 కిలోమీటర్లే. కరెంటుకు, హైడ్రాలిక్‌కు కడుపు కింద నుంచి చిన్న గాలిమర ఒకటి బయటికి వస్తుంది. విమానం వేగానికి అదే తిరిగి, అత్యవసరమైన వాటికి శక్తి ఇస్తుంది.

2001 ఆగస్టు 24న ఎయిర్ ట్రాన్సాట్ ఏ330, అట్లాంటిక్ మధ్యలో ఇంధనం పూర్తిగా కారిపోయి, రెండు ఇంజిన్లూ ఆగి, 19 నిమిషాలు జారి, అజోర్స్ దీవుల్లో దిగింది. 306 మందీ బతికారు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో కెప్టెన్ సలెన్‌బర్గర్ ఏ320ని, పక్షుల గుంపు కొట్టి రెండు ఇంజిన్లూ పోయాక, మూడున్నర నిమిషాల్లో హడ్సన్ నదిలో దించాడు. 155 మందీ బయటపడ్డారు. ఆయన తొలి క్షణాల్లోనే ఏపీయూ ఆన్ చేశాడు. విమానానికి కరెంటు నిలబడింది, కంట్రోళ్లు మామూలుగా పలికాయి.

ఈ ఇద్దరికీ ఉన్నది ఎత్తు. న్యూయార్క్‌లో దాదాపు 3 వేల అడుగులు, అట్లాంటిక్‌లో 30 వేలకు పైన. అహ్మదాబాద్‌లో అది లేదు. విమానం లేచిన మూడు, నాలుగు సెకన్లలోనే రెండు ఇంజిన్లకూ ఇంధనం ఆపే స్విచ్‌లు, ఒక సెకను తేడాతో, ఆఫ్ స్థానానికి మారాయని 2025 జులైలో వచ్చిన ప్రాథమిక నివేదిక చెప్పింది. పైలట్లు వాటిని మళ్లీ ఆన్ చేశారు, ఇంజిన్లు అందుకోవడం మొదలుపెట్టాయి కూడా. కానీ నేల నుంచి నేల దాకా దొరికింది అర నిమిషం. విమానంలో 241 మంది, కింద 19 మంది పోయారు. ఒక ఇంజిన్ పోయిన రోజు కోసం పైన చెప్పిన లెక్కలేవీ ఆ ఉదంతానికి వర్తించవు. అది వేరే రకం ఘటన. ఆ దుఃఖాన్ని తలుచుకుంటూ ప్రతి విమానాన్నీ అనుమానించడం మన మనసుకు సహజమే. అందుకే ఈ తేడా చిన్నమ్మకు ముందు చెప్పి ఉండాల్సింది.

ఆ రాత్రి తమ్ముడికి మాత్రం కొన్ని చెప్పాను. ఇంజిన్ నుంచి పెద్ద చప్పుడు వచ్చి, వెనక నుంచి మంట ఒకసారి ఎగిసినా కంగారు పడొద్దని. చాలాసార్లు అది ఇంజిన్‌లో గాలి ఎదురుతన్నడం. టేకాఫ్ తర్వాత వెనక్కి తిరిగి చక్కర్లు కొడుతుంటే, దిగడానికి బరువు తగ్గించుకుంటున్నారని. ఏ320లో ఇంధనం బయటికి వదిలే ఏర్పాటు లేదు. దిగేటప్పుడు రన్‌వే పక్కన ఫైరింజన్లు వరుసగా నిలబడితే అది పద్ధతి ప్రకారమేనని. దించమంటే తొక్కు డబ్బా ఉన్నా సరే బ్యాగు వదిలేయమని. కిటికీ పక్కన కూర్చుంటే, ఏ వైపు ఇంజిన్‌లో ఏం కనిపించిందో సిబ్బందికి చెప్పమని, మైకులో ఎవరేం చెప్పినా సరే. ఈ చివరిది చెప్పేటప్పుడు కెగ్‌వర్త్ కథ మొత్తం చెప్పాను. వాడు నవ్వలేదు, విన్నాడు.

తెల్లారి ఆరింటికి ఫోన్‌లో ఫొటో పంపాడు. కిటికీ లోంచి తీసింది. కింద ఒక్క లైను: “అన్నా, 12ఏ. ఎడమ ఇంజన్ నాకు కనబడుతున్నది.” చిన్నమ్మకు చూపించాను. అద్దాలు పెట్టుకుని, తెర మీద వేలితో ఫొటో పెద్దది చేసి, ఆ ఇంజిన్‌ను చాలాసేపు చూసింది.